హంతకుడి పేరు మొదటి పేజీలోనే

మా ఊళ్లో నవలలు అద్దెకిచ్చే షాపు ఒకటి ఉండేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు అక్కడ ఒక్కరోజు కూడా అలమరలో నిలిచేవి కావు. వాటిలోని డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు మాకు ఇంటి మనుషుల కింద లెక్క. ఒకసారి తెచ్చుకున్న పుస్తకం అట్ట తీయగానే, నాకంటే ముందు చదివినవాళ్లెవరో హంతకుడి పేరు పెన్సిల్‌తో రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉన్నారు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా వదలబుద్ధి కాక చదవడం మొదలుపెట్టాను. ఆ మనిషి గదిలోకి వచ్చినప్పుడల్లా, ఎవరికో కాఫీ కప్పు అందించినప్పుడల్లా నా గుండె దడదడలాడింది. రాత్రి ఒంటిగంట దాకా పుస్తకం కింద పెట్టలేదు.

అది ఎలా సాధ్యమైందో చాలా ఏళ్ల తర్వాత, రిచర్డ్ ఆస్టిన్ ఫ్రీమన్ కథలు దొరికినప్పుడు తెలిసింది. నాకు పెన్సిల్ రాత వల్ల జరిగినదాన్ని ఆయన వందేళ్ల క్రితమే కావాలని చేశాడు.

కథకుడు దాచడం, పాఠకుడు కనిపెట్టేయడం, ఈ పోటీ డిటెక్టివ్ కథతోపాటే పుట్టింది. 1841 ఏప్రిల్‌లో ఎడ్గార్ అలన్ పో ‘ద మర్డర్స్ ఇన్ ద ర్యూ మోర్గ్’ అచ్చయింది. డిటెక్టివ్ కథలకు ఆదికథ అదేనంటారు. సరిగ్గా మరుసటి నెల మొదటి తేదీన అదే పో, అప్పటికింకా సీరియల్‌గా వస్తున్న డికెన్స్ నవల ‘బార్నబీ రడ్జ్’ మీద సమీక్ష రాస్తూ, హంతకుడెవరో ముందే చెప్పేశాడు. వివరాలు కొన్ని తప్పినా మనిషి మాత్రం తప్పలేదు. దాచే విద్య నేర్పినవాడే దాచింది పట్టేయడమూ చూపించాడు.

తర్వాతి అరవై ఏళ్లలో పాఠకులు బాగా ఆరితేరారు. ఎంతగానంటే, 1905లో ఎడ్గార్ వాలెస్ అనే లండన్ పత్రికా రచయిత ‘ద ఫోర్ జస్ట్ మెన్’ నవలను సొంతంగా వేసుకుని, మూసిన గదిలో హత్య ఎలా జరిగిందో చెప్పినవారికి 500 పౌండ్ల బహుమతులని ప్రకటించాడు. ఎంతమంది సరిగ్గా చెబితే అంతమందికీ ఇవ్వాల్సి వస్తుందని, గెలిచేవారి సంఖ్యకు హద్దు పెట్టాలని ఆయనకు తోచలేదు. సరైన జవాబులు వరసకట్టాయి. పుస్తకం బాగా అమ్ముడుపోయినా వాలెస్ మాత్రం అప్పులపాలయ్యాడు.

ఫ్రీమన్ దారి వేరు. 1862లో లండన్‌లో పుట్టాడు. డాక్టరు చదివి, 1887లో గోల్డ్ కోస్ట్‌కు, అంటే ఇప్పటి ఘనాకు, ప్రభుత్వ వైద్యుడిగా వెళ్లాడు. అక్కడ బ్లాక్‌వాటర్ జ్వరం పట్టుకుని 1891లో తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఒంట్లో సత్తువ లేక ప్రాక్టీసు నిలకడగా సాగలేదు, కలం పట్టాడు. 1907లో డాక్టర్ థార్న్‌డైక్ అనే డిటెక్టివ్‌ను సృష్టించాడు. థార్న్‌డైక్ చేతిలో ఎప్పుడూ ఆకుపచ్చ గుడ్డ చుట్టిన చిన్న చదరపు పెట్టె. అందులో మైక్రోస్కోపు, చిన్న చిన్న సీసాలు, అంటే చేత్తో మోసుకెళ్లే ప్రయోగశాల. కథలో రాసే పరీక్షల్ని ఫ్రీమన్ ముందు తానే చేసి చూసుకునేవాడు. మైక్రోస్కోపు కింద తీసిన ఫొటోలు కూడా కొన్ని కథలతో అచ్చువేయించాడు.

ఇంత కష్టపడి ఆధారాలు పేర్చే మనిషికి, పాఠకుడు వాటన్నిటినీ దాటేసి ‘ఎవరు?’ అన్న ఒక్క మాట కోసం చివరి పేజీకి పరుగెత్తితే ఎలా ఉంటుంది? నేరాన్ని పాఠకుడి కళ్ల ముందే జరిపించి, ఏదీ దాచకుండా చెబితే కథ నిలుస్తుందా అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నాడు. దానికి జవాబుగా 1910లో ‘ఆస్కార్ బ్రాడ్‌స్కీ కేసు’ రాశాడు. 1912లో ‘ద సింగింగ్ బోన్’ సంపుటిలో దాన్నీ, అలాంటివే మరికొన్నింటినీ చేర్చి, ఈ ప్రశ్న సంగతి ముందుమాటలో వివరించాడు.

బ్రాడ్‌స్కీ కథ రెండు భాగాలు. మొదటి భాగంలో సైలస్ హిక్లర్ అనే దొంగ, రైలుకట్ట పక్కన ఒంటరి ఇల్లు. వజ్రాల వ్యాపారి బ్రాడ్‌స్కీ స్టేషన్‌కు దారి అడగడానికి ఆ ఇంటికే వస్తాడు. హిక్లర్ తటపటాయిస్తాడు, వద్దనుకుంటాడు, మళ్లీ మనసు లాగుతుంది. చంపేస్తాడు. పెనుగులాటలో కళ్లజోడు కాలికింద పడి నుజ్జవుతుంది, గాజు గ్లాసు పగులుతుంది. ముక్కలన్నీ జాగ్రత్తగా ఏరి పొట్లం కట్టి, శవాన్ని మోసుకెళ్లి పట్టాల మీద పెట్టి, పక్కన ఆ గాజు ముక్కలు చల్లి వస్తాడు. ఇంటికొచ్చి చూస్తే కుర్చీలో బ్రాడ్‌స్కీ టోపీ!

ఆ టోపీ దగ్గర ఎన్నిసార్లు చదివినా నా ఊపిరి ఆగుతుంది. హంతకుడి మీద జాలి లేదు, అయినా ‘అయ్యో, మర్చిపోయాడే’ అనిపిస్తుంది. అతను దాన్ని పొయ్యిలో కాల్చేస్తాడు. ఇక ఏ జాడా లేదు.

రెండో భాగంలో థార్న్‌డైక్ పట్టాల దగ్గరకొస్తాడు. టోపీ ఏదని అడుగుతాడు. గాజు ముక్కల్ని ఒక్కొక్కటే అతికించుకుంటూ పోతే కళ్లద్దాలు రెండూ కుదురుతాయి, కానీ ఇంకా ముక్కలు మిగిలిపోతాయి. ఆ మిగిలినవి గ్లాసువని మనకు తెలుసు, ఆయనకు తెలియదు. ఆ తేడా మీదే ఉత్కంఠ అంతా నిలబడింది. పట్టుదలగా ఏరి పెట్టిన ముక్కలే హిక్లర్‌ను పట్టిస్తున్నాయని మనం ఆయనకంటే ముందే గ్రహిస్తాం, ఎప్పుడు చూస్తాడా అని చూస్తూ కూర్చుంటాం.

ఈ పద్ధతి వెంటనే అల్లుకుపోలేదు. తర్వాతి కాలమంతా అగథా క్రిస్టీ వంటి దాచే నేర్పరులదే. అయినా 1931లో ఫ్రాన్సిస్ ఐల్స్ పేరుతో ఆంథొనీ బర్కిలీ కాక్స్ ‘మాలిస్ అఫోర్‌థాట్’ రాస్తూ, ఒక డాక్టరు తన భార్యను చంపబోతున్న సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. ఆ తర్వాత అమెరికా టీవీలో కొలంబో అనే డిటెక్టివ్ వచ్చాడు. హంతకుడు మనకు ముందే తెలుసు, ఎలా చిక్కుతాడన్నదే చూడాలి.

మన దాకా ‘దృశ్యం’ సినిమా వచ్చింది. మలయాళంలో 2013లో, తెలుగులో మరుసటి ఏడాది వెంకటేశ్‌తో. ఎవరు చంపారో, ఎందుకు చంపారో చూపించేశారు. పోలీసులు పెరట్లో గొయ్యి తవ్వుతుంటే థియేటర్‌లో ఒక్కరు కదల్లేదు. గోతిలో ఏముందో తెలిశాక రెండోసారి వెళ్లాను. గునపం నేలను తాకగానే మళ్లీ కుర్చీ చేయి గట్టిగా పట్టుకున్నాను.