ఉపాధ్యాయ అర్హతకు ప్రత్యామ్నాయ మార్గాలు (ఆంధ్రప్రదేశ్)

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయులు కావడానికి సాధారణ మార్గము ఒకటే. ప్రాథమిక తరగతులకు రెండేళ్ళ డి.ఇడి. (ప్రస్తుత నామము డి.ఎల్.ఇడి.), ఉన్నత తరగతులకు బి.ఇడి. చదివి, ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఉత్తీర్ణులై, డీఎస్సీలో ఎంపిక కావలెను. కొన్ని దేశాలలో వలె ఇక్కడ ఉపాధ్యాయులకు విడిగా లైసెన్సు పత్రము లేదు. శిక్షణ పట్టా, టెట్ ధ్రువపత్రము కలిపి ఆ పని చేస్తాయి. ఈ దారిలో కాక దూరవిద్య, ఉద్యోగములో ఉండగా శిక్షణ, ఒప్పంద నియామకము, ఏజెన్సీ ప్రాంత నిబంధనల ద్వారా వచ్చినవారు కూడా గణనీయముగా ఉన్నారు.

నేపథ్యము

శిక్షణ పొందినవారి కొరత, ఖజానా ఇబ్బంది అనే రెండు కారణాల వలన ఈ దారులు పుట్టాయి. ఉమ్మడి రాష్ట్రములో 1980, 90 దశకాలలో నెలకు 398 రూపాయలపై స్పెషల్ టీచర్లను నియమించారు. వీరికి "398 టీచర్లు" అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ కాలపు సర్వీసును లెక్కలోకి తీసుకోవాలన్న కోరిక ఉపాధ్యాయ సంఘాల వినతిపత్రాలలో చాలాకాలము కొనసాగింది. తరువాత గౌరవ వేతనముపై విద్యా వాలంటీర్లు వచ్చారు. పనిలో తేడా లేకున్నా జీతములో మాత్రము తేడా ఉండేది.

ఏజెన్సీ ప్రాంతము

నర్సీపట్నం షెడ్యూల్డు ప్రాంతము కాదు, కాని మన్యానికి ద్వారము వంటిది. లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే దారి ఇక్కడినుండే మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోను, పొరుగునున్న కొయ్యూరు, చింతపల్లి మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరాయి.

కొండ గ్రామాల ఏకోపాధ్యాయ పాఠశాలలకు మైదానమునుండి వెళ్ళే ఉపాధ్యాయులు సరిగా హాజరు కావడము లేదన్నది పాత ఫిర్యాదు. దీనికి పరిష్కారముగా 1986లోను, తరువాత 2000 జనవరి 10న జీవో నెం. 3 ద్వారాను, షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము నూరు శాతము రిజర్వేషన్ చెల్లదని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది. పిల్లల మాతృభాష తెలిసిన ఉపాధ్యాయులు ఒకటవ తరగతిలో ఎంత అవసరమో ఈ వివాదములో తగినంత చర్చకు రాలేదనే చెప్పాలి.

దూరవిద్య ద్వారా శిక్షణ

2009 విద్యాహక్కు చట్టము 23వ సెక్షను కనీస అర్హతలను తప్పనిసరి చేసింది. శిక్షణ లేనివారికి మొదట 2015 మార్చి 31 వరకు గడువు ఇచ్చి, 2017లో చట్ట సవరణ ద్వారా 2019 మార్చి 31కి పొడిగించారు. అప్పుడు జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) 18 నెలల డి.ఎల్.ఇడి.ని నిర్వహించింది. దేశవ్యాప్తముగా లక్షలాది మంది చేరారు, వీరిలో ప్రైవేటు బడుల పంతుళ్ళే అధికము. ఇది రెండేళ్ళ కోర్సుకు సమానము కాదని 2023 నవంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. గడువులోగా పూర్తిచేసిన నాటి ఉద్యోగస్థులకు తదుపరి తీర్పులలో ఊరట లభించింది.

బి.ఇడి. వివాదము

ప్రాథమిక తరగతులకు బి.ఇడి. వారిని కూడా అనుమతిస్తూ జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018లో ఇచ్చిన ఉత్తర్వును 2023 ఆగస్టు 11న సుప్రీం కోర్టు రద్దుచేసింది. దీనితో ఎస్జీటీ పోస్టులు తిరిగి డి.ఇడి. వారికే పరిమితమయ్యాయి. బి.ఇడి.కి ఖర్చుపెట్టి చదివినవారికి స్కూలు అసిస్టెంటు పోస్టులే మిగిలాయి, అవి సబ్జెక్టులవారీగా తక్కువ.

ఆలస్యపు నియామకాలు

పాత డీఎస్సీల వివాదాలలో నష్టపోయినవారికి మినిమం టైం స్కేలుపై ఒప్పంద నియామకాలు ఇవ్వడము మరొక దారి. 2008 డీఎస్సీకి చెందిన 2,193 మందికి 2021లో, 1998 డీఎస్సీ అభ్యర్థులకు 2022 నిర్ణయము ద్వారా అవకాశము వచ్చింది. 1998లో పరీక్ష వ్రాసినవారిలో కొందరు బడిలో అడుగుపెట్టేనాటికి పదవీ విరమణ వయసుకు చేరువయ్యారు.

టెట్

2010 ఆగస్టు 23 నాటి ప్రకటనతో టెట్ తప్పనిసరి అయింది. ఉమ్మడి రాష్ట్రములో 2011లో మొదటిసారి జరిగింది. డీఎస్సీ ఎంపికలో దీనికి 20 శాతము వెయిటేజి కలదు. 2025లో 16,347 పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీలోను ఇదే పద్ధతి పాటించారు. అదే సంవత్సరము సెప్టెంబరు 1న సుప్రీం కోర్టు, అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలియున్న పాత ఉపాధ్యాయులు కూడా రెండేళ్ళలో టెట్ ఉత్తీర్ణులు కావలెనని తీర్పు చెప్పింది. అందువలన ఏ దారిలో వచ్చినవారైనా, ఇరవై ఏళ్ళుగా పాఠము చెబుతున్నవారైనా, మళ్ళీ పరీక్ష హాలుకు వెళ్ళవలసి వచ్చింది.