ప్రతివాదిగా ప్రభుత్వం: కోయిలకుంట్ల సబ్‌జైలు కేసులో 21వ అధికరణ

1977 మే 5 అర్ధరాత్రి దాటింది. 6వ తేదీ తెల్లవారుజామున మూడున్నర ప్రాంతంలో కొందరు కోయిలకుంట్ల సబ్‌జైలు ఆవరణలోకి చొరబడి ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. ఆ గదిలో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి తీవ్రంగా గాయపడి కర్నూలు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయారు. ఆయన కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన కేసులో ఏప్రిల్ 25న అరెస్టయి, మర్నాడు రిమాండుకు వచ్చిన తండ్రీకొడుకులు వాళ్లు. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు. ప్రభుత్వం తన తాళం వేసి, తన కాపలాలో ఉంచుకున్న మనుషులు.

రాయలసీమలో నాటుబాంబు దాడి ఆనాటికి వింత కాదు. ఈ ఘటనను రాజ్యాంగ చరిత్రలోకి తెచ్చింది దాని తర్వాత నడిచిన దావా. ప్రాణాలకు ముప్పుందని తెలిసినా తగిన కాపలా పెట్టలేదని, ఆ నిర్లక్ష్యానికి రాష్ట్ర ప్రభుత్వమే బాధ్యత వహించి పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని కుటుంబం సివిల్ కోర్టుకెక్కింది. ప్రభుత్వం రెండు వాదాలు చేసింది. దావా గడువు దాటిపోయిందన్నది ఒకటి. జైలు నడపడం సార్వభౌమాధికారంతో చేసే పని, అందులో పొరపాటు జరిగినా నష్టపరిహారం అడిగే హక్కు ఎవరికీ లేదన్నది రెండోది. కింది కోర్టు దావా కొట్టేసింది.

ఆ రెండో వాదం మూలం ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది. కంపెనీ వ్యాపారిగా చేసిన తప్పుకు దావా వేయవచ్చు, పాలకుడిగా చేసిన తప్పుకు వేయకూడదన్న తేడాను కలకత్తా సుప్రీంకోర్టు 1861లో ఒక స్టీమరు కంపెనీ కేసులో చెప్పింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం ఇదే కోయిలకుంట్లలో ఉరితీసిన 1847కీ ఆ తీర్పుకీ మధ్య ఎడం పద్నాలుగేళ్లే. అలాంటి పాలన కోసం పుట్టిన సూత్రం 1950 తర్వాత కూడా బతికింది. ఎందుకంటే రాజ్యాంగం 300వ అధికరణ ప్రభుత్వం మీద దావా వేయవచ్చని చెబుతూనే, పార్లమెంటుగానీ శాసనసభగానీ వేరే చట్టం చేసేదాకా పాత హద్దులనే కొనసాగించింది. దాని ఫలితం 1965 నాటి కస్తూరీలాల్ కేసులో కనబడుతుంది. మీరట్‌లో పోలీసులు ఒక వ్యాపారి దగ్గర బంగారం స్వాధీనం చేసుకున్నారు. దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు పారిపోయాడు. అయినా అది సార్వభౌమ విధుల్లో జరిగిన నష్టమని, దానికి ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మారాలంటే చట్టం చేయాలని అదే తీర్పులో సూచించింది కూడా. బంగారం విషయంలో నిలిచిన ఆ సూత్రం ప్రాణం విషయంలోనూ నిలుస్తుందా? కోయిలకుంట్ల దావా అడిగింది ఈ ప్రశ్నే.

ఈ ప్రశ్న వేయగలిగిన రోజులు రావడం వెనక కోయిలకుంట్ల ప్రాంతపు నంద్యాల లోక్‌సభ స్థానం ఓటరు పాత్ర కొంత ఉంది. జైలు దాడికి ఏడాది ముందు, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా పౌరుడు హైకోర్టుకు వెళ్లలేడని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1977 మార్చిలో ఎన్నికలు జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గెలిచారు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా కూర్చున్న మనిషి ఆయన. ఆ నెలలోనే లోక్‌సభ స్పీకరయ్యారు, జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి ఏ సభలోనూ సభ్యుడిగా ఉండకూడదని 59వ అధికరణ చెబుతుంది కాబట్టి నంద్యాల కొద్ది నెలల్లోనే తన ఎంపీని వదులుకుంది.

1979 ఏప్రిల్ 30న ఆయన ఆమోదముద్ర వేసిన 44వ సవరణ ఎమర్జెన్సీ నేర్పిన పాఠాలను రాజ్యాంగంలోకి ఎక్కించింది. ‘అంతర్గత కల్లోలం’ అన్న సాకుతో అత్యవసర పరిస్థితి పెట్టే వీలు పోయి, దాని చోట సాయుధ తిరుగుబాటు ఉండాలన్న నిబంధన వచ్చింది. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి. ఉభయసభలూ నెల లోపు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, 20వ అధికరణ, ప్రాణహక్కుకు సంబంధించిన 21వ అధికరణ ఇచ్చే హక్కుల కోసం కోర్టుకెళ్లే దారిని ఎమర్జెన్సీలో కూడా మూయడానికి లేదు. ఇవి పైకి ప్రభుత్వ నిర్మాణానికి సంబంధించిన సూత్రాలు: ఎవరు సంతకం చేయాలి, ఎన్ని రోజుల్లో, ఎంత మెజారిటీతో. ప్రాణహక్కుకు కంచె కట్టింది మాత్రం ఇవే. రాజ్యాంగంలో హక్కుల భాగం వేరు, ప్రభుత్వ యంత్రాంగం వేరు అని చదివే అలవాటు మన పాఠ్యపుస్తకాలు చేశాయి. ఆ విభజన చదువుకోవడానికి సుళువు, అర్థం చేసుకోవడానికి అడ్డు.

కింది కోర్టు కొట్టేసిన కోయిలకుంట్ల కేసు అప్పీలుపై హైకోర్టుకు వచ్చింది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు పాత సూత్రాన్ని సూటిగా ఎదుర్కొంది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ తీయరాదని 21వ అధికరణ చెబుతున్నప్పుడు, అందులో ‘సార్వభౌమ విధులు మినహా’ అన్న మాట లేదు. ప్రభుత్వానికి ఉన్న అధికారమంతా రాజ్యాంగమే ఇచ్చింది. అలాంటప్పుడు ఆ రాజ్యాంగమే ఇచ్చిన ప్రాథమిక హక్కు ముందు పాత మినహాయింపు నిలవదు. హైకోర్టు 1,44,000 రూపాయలు, దాని మీద ఆరు శాతం వడ్డీ ఇప్పించింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2000 ఏప్రిల్‌లో జస్టిస్ సఘీర్ అహ్మద్, జస్టిస్ దొరైస్వామి రాజు ధర్మాసనం అప్పీలును తోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోగొట్టుకోడని, ప్రాణహక్కు భంగమైన చోట సార్వభౌమత్వం సాకు కాదని స్పష్టం చేసింది. గడువు దాటిందన్న వాదమూ నిలవలేదు.

ఈ కేసు నడిచిన కాలంలోనే ఇలాంటి తీర్పులు వేరే కేసుల్లోనూ వచ్చాయి. నిర్దోషిగా తేలాక కూడా బీహారులో పద్నాలుగేళ్లు జైల్లో ఉంచిన రుదుల్ షాకు 1983లో 35,000 రూపాయలు, ఒడిశాలో పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలాబతి బెహరాకు 1993లో లక్షన్నర సుప్రీంకోర్టు ఇప్పించింది. అయితే ఆ రెండూ సుప్రీంకోర్టులో వేసిన రిట్లు. కోయిలకుంట్లది మామూలు సివిల్ దావా. నంద్యాల ప్రాంతంలోని శిరివెళ్ల రైతుకో, రుద్రవరం కూలీకో ఢిల్లీలో రిట్ వేయడం కంటే దగ్గరి సివిల్ కోర్టులో దావా వేయడం దగ్గరి దారి. ఆ దారిలో నడిచినా ప్రభుత్వం సార్వభౌమత్వం చాటున దాక్కోలేదని తేల్చినందుకే ఈ కేసు విలువ ఎక్కువ. ఘటన నుంచి తుది తీర్పుకు మాత్రం ఇరవై మూడేళ్లు పట్టింది. తన కాపలాలో చనిపోయిన మనిషి కుటుంబంతో ఒక ప్రభుత్వం అన్నేళ్లు పోరాడటం గర్వపడే విషయం కాదు.

ప్రభుత్వాన్ని ఇలా కట్టడి చేసే సూత్రాలు కోర్టు గదుల్లోనే కాక ఊళ్లోనూ పనిచేస్తాయి. ఏ సభలోనూ సభ్యుడు కాకుండా 1991 జూన్‌లో ప్రధాని అయిన పి.వి. నరసింహారావు, 75వ అధికరణ విధించిన ఆరు నెలల గడువు లోపు గెలవడానికి వచ్చింది నంద్యాల ఉప ఎన్నికకే. దాదాపు 5.8 లక్షల ఆధిక్యంతో నెగ్గారు. ఆయన హయాంలో 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు అయిదేళ్ల కాలపరిమితి పెట్టి, అది తీరకముందే ఎన్నిక జరగాలంది. రాష్ట్ర ఎన్నికల సంఘానికి స్వతంత్ర హోదా ఇచ్చింది. అయినా 2018 ఆగస్టులో సర్పంచుల పదవీకాలం ముగిస్తే, శిరివెళ్ల మండలంతో సహా రాష్ట్రమంతటా పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరికిగానీ జరగలేదు. మధ్యలో 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించి ఆయన్ను తప్పించింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. ఎన్నికలు ఆపాలన్న అభ్యర్థనను 2021 జనవరి 25న సుప్రీంకోర్టు నిరాకరించాకే గ్రామాలు ఓటు వేశాయి. రెండున్నరేళ్లు ఊరికి సర్పంచు లేకపోవడమూ హక్కుల భంగమే. దాన్ని సరిదిద్దింది రాజ్యాంగం స్వతంత్రంగా నిలబెట్టిన రెండు వ్యవస్థలు: ఎన్నికల సంఘం, న్యాయస్థానం.

కోయిలకుంట్ల కేసు తేల్చకుండా మిగిల్చిన పని ఒకటుంది. ప్రభుత్వ ఉద్యోగుల తప్పులకు ప్రభుత్వం ఎంతవరకు బాధ్యత వహించాలో చట్టంలో రాయాలని లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో, సిఫారసు చేసింది. అరవైలలో బిల్లులు పార్లమెంటు ముందుకొచ్చి చట్టం కాకుండానే మురిగిపోయాయి. 300వ అధికరణలోని ‘వేరే చట్టం చేసేదాకా’ అన్న గడువు ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి కస్టడీలో మనిషి పోతే పరిహారం ఎంతో, ఎన్నాళ్లలోనో చెప్పే చట్టం లేదు. ప్రతి కుటుంబమూ తన నష్టాన్ని కోర్టులో మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. ఒకరికి లక్షా నలభై నాలుగు వేలు ఎందుకో, మరొకరికి లక్షన్నర ఎందుకో చెప్పే కొలమానం లేదు. ప్రాణహక్కు భంగం కాని చోట, పోలీసుల చేతిలో ఆస్తి పోయిన కేసుల్లో, కస్తూరీలాల్ తీర్పును ప్రభుత్వ న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరించే వీలుంది. ఆ చట్టాన్ని కోర్టులు రాయలేవు. పార్లమెంటుకూ శాసనసభకూ ఆ అధికారాన్ని 300వ అధికరణ 1950లోనే ఇచ్చింది.