బందరు తీరమునుండి బొంబాయి ఉత్సవమునకు

సముద్రతీరపు విహారపట్టణములలో ఏటేటా చలనచిత్రోత్సవములు జరుపు ఆచారము ఐరోపాలో పుట్టినది. ఇటలీ దేశమున వెనిస్ నగరమునకు చేరిన లిడో ద్వీపమందు, ఒక హోటలు ఆరుబయట 1932లో మొదటి ఉత్సవము జరిగినది. ఫ్రాన్సులోని కాన్ పట్టణము 1939లోనే సన్నాహములు చేసికొన్నను, యుద్ధము అడ్డువచ్చుటచే 1946 వరకు ఆగవలసివచ్చినది. కళాభిమానముతోపాటు, వేసవి సందడి తగ్గిన పిదపగూడ హోటళ్లు నిండవలెనను లెక్కయు అందులో కలదు. ఆ ఉత్సవములను తక్కువచేయుటకై ఈ మాట చెప్పుట లేదు. కళకును కాసునకును గల చుట్టరికము కృష్ణాతీరవాసులకు క్రొత్త గాదు.

కృష్ణా డెల్టాలో కాన్ వలె పేరువడిన ఉత్సవము లేదు. సముద్రము కలదు, బందరు కలదు. ఆ బందరులోనే 1869లో రఘుపతి వెంకయ్యనాయుడు జన్మించెను. చిన్నవయసుననే మద్రాసు చేరి, ఛాయాగ్రాహకుడుగా స్థిరపడి, బొమ్మ కదలుచు మాటాడునను వార్త విని, తన స్టూడియోను కుదువబెట్టి క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించెను. తెరమీది బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జోడించు సాధనమది. 1910 నాటికి మద్రాసులో ఆయన ప్రదర్శనలు సాగుచుండెను. పిమ్మట డేరాలతో దక్షిణాది పట్టణములేగాక బర్మా, సింహళములు గూడ తిరిగెను. మద్రాసులో గెయిటీ మొదలగు సినిమాహాళ్లు కట్టించెను. కుమారుడు ప్రకాశును ఆ విద్య నేర్చుకొని రమ్మని సీమకు పంపెను. ఆ ప్రకాశు దర్శకత్వమున 1921లో వెలువడిన ‘భీష్మప్రతిజ్ఞ’యే తెలుగువారు తీసిన మొదటి మూకీచిత్రము.

ఆ 1921లోనే బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమాను నెలకొల్పెను. ఆంధ్రదేశమున శాశ్వతముగా కట్టిన సినిమాహాళ్లలో మొదటిది అదియే. అది బెజవాడలోనే ఏల వెలసినదని అడుగువారికి మేము ముందుగా ఆనకట్టను చూపుదుము. 1855 నాటికి ఆనకట్ట పూర్తియై కాలువలు పారినవి, మాగాణి పెరిగినది, కోతలైన పిదప పల్లెలలో చేతికి డబ్బు వచ్చెడి కాలమొకటి ఏర్పడినది. 1893లో కృష్ణపై రైలువంతెన పడుటతో బెజవాడ నాలుగు దిక్కుల దారులు కలియు కూడలియైనది. మద్రాసులో తయారైన చిత్రములు ఇచ్చట దిగి, ఇచ్చటినుండి ఊళ్లకు పంపకమగుచుండెను. గాంధీనగరము పంపిణీదారుల కార్యాలయములతో నిండినది. డెల్టా ధనము ప్రదర్శనతో ఆగక నిర్మాణమునకును పోయినది. చల్లపల్లి జమీందారు సారథి సంస్థకు పెట్టుబడి పెట్టగా, ఈ జిల్లావాడే యగు గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసెను. జమీందారీని విమర్శించు చిత్రమునకు జమీందారే సొమ్మిచ్చుట ఎంత చిత్రమో శ్రోతలే ఆలోచింతురు గాక.

హాలు లేని ఊళ్లకు టూరింగు టాకీసు వచ్చుచుండెను. పొలముగట్టునో, సంతబయలుననో డేరా లేచును. పగలు ఒంటెద్దుబండిమీద బొమ్మల అట్టలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు విసరుచు ఊరూర తిరుగుదురు. ఆ కాగితములకై పిల్లలు బండి వెంట పరుగులు. చీకటిపడగానే మైకులో పాట మొదలగును. అది విని ప్రక్క పల్లెలవారు బండ్లు కట్టుదురు. నేల టిక్కెట్టు కొన్నవారు ఇసుకను గుట్టగా పోసికొని దానిపై కూర్చుందురు; వెనుకనున్నవారు కేకలు వేయుదురు. ఒకే యంత్రమగుటచే రీలు మార్చినప్పుడెల్ల దీపము వెలుగును, వేరుసెనగకాయలవాడు లోనికి వచ్చును. అందుచే మూడుగంటల చిత్రము నాలుగుగంటలు సాగును. దానిని తప్పుగా నెవ్వరు నెంచలేదు. సంక్రాంతికి క్రొత్తచిత్రములు విడుదల చేయు వాడుక ఈ కోతల డబ్బును, ఈ జనమును చూచి బలపడినదే. మన ప్రాంతమున ఏటేటా జరుగు చిత్రోత్సవము అదియే అనిన అతిశయోక్తి కానేరదు.

అసలైన ఉత్సవము భారతదేశమునకు 1952లో వచ్చినది. ఆ సంవత్సరము జనవరి 24న బొంబాయిలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము ప్రారంభమై, అటుపిమ్మట మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు తరలినది. ఇటలీ చిత్రమగు ‘బైసికిల్ థీవ్స్’ చూచి మన దర్శకులనేకులు తమ పనిని గూర్చి పునరాలోచన చేసికొనిరి. హిందీ ‘ఆవారా’, మరాఠీ ‘అమర్ భూపాళీ’, బెంగాలీ ‘బాబ్లా’ల సరసన దక్షిణాదినుండి నిలిచినది ఒకే ఒక చిత్రము. అది 1951లో విజయావారు తీసిన ‘పాతాళభైరవి’. దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రివాడు; ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. నిర్మాతలలో ఒకడగు చక్రపాణి తెనాలివాడు. కథానాయకుడు ఎన్.టి.రామారావుది నిమ్మకూరు. మాంత్రికుడు ఎస్.వి.రంగారావు నూజివీటిలో పుట్టెను. సంగీతము కూర్చిన ఘంటసాల గుడివాడ చెంత చౌటపల్లిలో పుట్టెను. మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగెను. ఉత్సవము బొంబాయిదే, చిత్రము మద్రాసుదే. మనుషులు మాత్రము పెక్కురు ఈ కాలువల నీరు త్రాగినవారు.

ఇచ్చట మా సంస్థను గూర్చియు ఒకమాట చెప్పకతప్పదు. ప్రపంచపు సినిమాకు ప్రభుత్వము ద్వారములు తెరచిన ఆ 1952లోనే ఆకాశవాణి సినిమాపాటలను దూరము చేసినది. శ్రోతలు ముల్లును సింహళమువైపు త్రిప్పుకొనిరి. 1957లో వివిధభారతి వచ్చువరకు ఆ ఎడబాటు తీరలేదు. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న పుట్టినది. పొరుగునే పుట్టిన ఘంటసాల సినిమాపాటకు ఆ యేండ్లలో మా తరంగములపై చోటు కరవైనది. అది పొరపాటని మేము తలంతుము.

భారత చిత్రోత్సవము 1986లో హైదరాబాదునకు వచ్చినది. 2004నుండి గోవా తీరమున నిలకడగా జరుగుచున్నది. గోవాకు తీరము కలిసివచ్చినది గదా యని మిత్రులతో మేమందుము. బందరు ప్రక్కన మంగినపూడి ఇసుక మాత్రము తక్కువయా? నేల టిక్కెట్టునకు అంతకన్న మంచిచోటు దొరకదు. అచ్చట ఒకనాడు తెర లేచినచో ‘పాతాళభైరవి’ వేయవచ్చును. దాని ప్రతి భద్రముగా నున్నది. దానికంటె ముందు వేయదగినది బందరు వెంకయ్యగారి ఇంటి చిత్రమగు ‘భీష్మప్రతిజ్ఞ’. పాతచిత్రములను భద్రపరచు జాతీయ సంస్థ పూనాలో 1964లోగాని ఏర్పడలేదు. ‘భీష్మప్రతిజ్ఞ’ ప్రతి ఎచ్చటను మిగులలేదు.