జస్పాల్ భట్టి వ్యంగ్యము

1955లో అమృత్‌సర్‌లో జన్మించిన జస్పాల్ భట్టి చదివినది విద్యుత్ ఇంజనీరింగు. చండీగఢ్‌లో ట్రిబ్యూన్ పత్రికకు వ్యంగ్యచిత్రములు గీసిన ఆయన, దూరదర్శన్‌లో 'ఉల్టా పుల్టా' అను చిన్న ప్రహసనములతో దేశమునకు పరిచితుడయ్యెను. 1989లో తానే రచించి, నటించి, దర్శకత్వము వహించిన 'ఫ్లాప్ షో' పది భాగములు మాత్రమే. పరిశోధక విద్యార్థిచే సొంతపనులు చేయించుకొను ఆచార్యుడు, దొంగ వైద్యబిల్లులు పెట్టు ఉద్యోగి అందలి పాత్రలు. ప్రభుత్వ ప్రసారసాధనము నుండియే ప్రభుత్వ కార్యాలయముల తీరును పరిహసించుట సాహసము. ఆ దోషుల వేషములను భట్టి తరచు తానే ధరించెను. కనుకనే ప్రేక్షకుడు నొచ్చుకొనక, నవ్వుచునే తన్ను తాను గుర్తించుకొనెను. 2012లో రోడ్డు ప్రమాదమున ఆయన మరణించెను. మరుసటి సంవత్సరము పద్మభూషణ్ ప్రకటింపబడెను. రచయిత తనను మినహాయించుకొననప్పుడే వ్యంగ్యము నిలుచునని ఆ పది భాగములు నిరూపించినవి.