బొక్కసం తాళపుచెవి: రాయపూర్ చెప్పే చరిత్ర

ప్రజలు చెల్లించిన ధనం ముందుగా దేనికి వినియోగపడాలో నిర్ణయించేది ఎవరు? రాయపూర్ ప్రాంతపు నూరేళ్ళ చరిత్ర ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

1920లో, నాటి రాయపూర్ జిల్లాకు చెందిన ధమ్తరీ తాలూకాలో, కండేల్ గ్రామస్థులు కాలువనీటిని అక్రమంగా వాడుకున్నారని ప్రభుత్వం జరిమానా విధించింది. చెల్లించనివారి పశువులను జప్తు చేసి సంతలలో వేలానికి పెట్టగా, పాట పాడేవారే కరవయ్యారు. పండిత సుందరలాల్ శర్మ, నారాయణరావు మేఘావాలే, ఛోటేలాల్ శ్రీవాస్తవ ఈ సత్యాగ్రహానికి నాయకత్వం వహించారు. ఏడాది చివరకు జరిమానా రద్దయింది. రైతు గెలిచాడు, కాని పన్ను విధించే అధికారం మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది.

1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలన ఈ స్థితిని మార్చలేదు. విద్య, ప్రజారోగ్యం మంత్రులకు అప్పగించబడ్డాయి. ఆర్థికశాఖ, నీటిపారుదల, భూమిశిస్తు గవర్నరు కార్యవర్గం చేతిలోనే నిలిచాయి. బాధ్యత ఒకరిది, బొక్కసం మరొకరిది. అందుకే 1924లో మధ్యపరగణాల శాసనమండలిలోని స్వరాజ్యపక్షం బడ్జెట్టును తిరస్కరించి, మంత్రుల జీతాన్ని ఏడాదికి 2 రూపాయలకు తగ్గించింది. గవర్నరు ఆ శాఖలను కూడా తానే స్వీకరించాడు. కాదనే హక్కు సభకు ఉన్నది గాని, ఔననిపించుకొనే శక్తి లేకపోయింది.

1937లో ఆర్థికశాఖ ప్రజాప్రతినిధులకు దక్కింది. అయితే పెట్టె తాళం చేతికి వచ్చినా పెట్టె నిండుగా లేదు. నాటి విద్యామంత్రి, రాయపూర్‌కు చెందిన రవిశంకర్ శుక్లా, దానంగా లభించిన భూముల ఆదాయంతో గ్రామ పాఠశాలలు నడిపే విద్యామందిర పథకాన్ని రూపొందించడానికి ఈ లేమి ఒక ముఖ్యకారణం.

స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 203వ అధికరణం ప్రకారం, గవర్నరు సిఫారసు లేనిదే గ్రాంటు కోరరాదు. ఆ సిఫారసు ఆచరణలో మంత్రివర్గానిదే. శాసనసభ పద్దును ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు, పెంచజాలదు. రాబడిలో పెద్దభాగమైన కేంద్రపన్నుల వాటాను నిర్ణయించడానికి ఆర్థిక సంఘం సిఫారసు చేస్తుంది. కనుక 2000 నవంబరు 1న రాయపూర్ రాజధానిగా ఛత్తీస్‌గఢ్ అవతరించినా, తాళపుచెవి ఒక్కచేతిలో లేదు.

అయినా ఓటరు నిస్సహాయుడు కాడు. 2018 ఎన్నికలలో క్వింటాలు ధాన్యానికి 2,500 రూపాయలు, 2023లో 3,100 రూపాయలు వాగ్దానాలుగా నిలిచి, తరువాతి బడ్జెట్లను మలిచాయి. కండేల్ రైతు 1920లో కాదనగలిగాడు. అతని మనుమలు ఏది ముందో చెప్పగలుగుతున్నారు. ఒక పద్దు పెరిగితే తగ్గే మరో పద్దు ఏదో కూడా వారికి తెలియజెప్పడం పాలకుల విధి.