జర్మనీ ఇంధన విధానం – ప్రజల మనస్తత్వం

భయం, అలవాటు, సొంతమన్న భావన, నమ్మకం: ఈ నాలుగూ జర్మనీ ఇంధన, పర్యావరణ నిర్ణయాలను బలంగా ప్రభావితం చేశాయి. అణు విద్యుత్తును, బొగ్గును వదిలి సౌర, పవన విద్యుత్తు వైపు మళ్లే ప్రయత్నాన్ని అక్కడ ‘ఎనర్గీవెండె’ అంటారు. ఇంధన మలుపు అని దాని అర్థం.

భయం

1970లలో రైన్ నది ఒడ్డున వీల్ గ్రామం దగ్గర అణు విద్యుత్ కేంద్రం తలపెట్టారు. దాని ఆవిరి వల్ల పొగమంచు పెరిగి తోటలు పాడవుతాయని ద్రాక్ష రైతులు ఆందోళన చెందారు. 1975లో జనం ఆ స్థలంలోనే బైఠాయించారు. కేంద్రం కట్టనేలేదు. 2010లో అణు కేంద్రాల గడువు పెంచిన అప్పటి ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ప్రభుత్వమే, 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం జరగగానే మనసు మార్చుకుంది. జర్మన్ రియాక్టర్లు అంతకు ముందు రోజు ఎలా ఉన్నాయో ఆ రోజూ అలాగే ఉన్నాయి. మారింది జనం వాటిని చూసే చూపు. చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగిపోయాయి.

అలవాటు

1999లో దక్షిణ జర్మనీలో ఒక విద్యుత్ సంస్థ దాదాపు 1,50,000 మంది వినియోగదారులకు మూడు టారిఫ్‌లు వివరిస్తూ ఉత్తరాలు రాసింది. జవాబివ్వని వారికి హరిత విద్యుత్తే వర్తిస్తుందని చెప్పింది. దాదాపు 94 శాతం మంది అందులోనే ఉండిపోయారు. ఇంకా చౌకైన టారిఫ్‌కు మారినవారు 5 శాతం లోపే. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో, దరఖాస్తులో హరిత విద్యుత్తు గడికి ముందే టిక్కు పెట్టి ఉంచితే 69 శాతం మంది దాన్ని తీసుకున్నారు. తామే టిక్కు పెట్టాల్సి వచ్చినప్పుడు తీసుకున్నది 7 శాతమే.

ఖాళీ సీసాల విషయమూ అంతే. 2003 నుంచి వాడి పారేసే సీసాలు, డబ్బాలపై 25 సెంట్ల డిపాజిట్ ఉంది. సూపర్‌మార్కెట్‌లోని యంత్రం గుండ్రటి నోట్లో సీసా పెడితే, అది తిప్పి గుర్తు చదివి రసీదు ఇస్తుంది. ఆ రసీదు కౌంటర్‌లో ఇస్తే డబ్బు చేతికొస్తుంది. ఉపన్యాసాలతో పనిలేకుండానే సీసా వెనక్కి చేరుతుంది.

సొంతమన్న భావన

1986 చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత, బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని షోనావ్ అనే చిన్న పట్టణంలో కొందరు తల్లిదండ్రులు కరెంటు పొదుపు పోటీలు పెట్టారు. ఊరి కరెంటు లైన్లు ఊరివే కావాలని ఉర్సులా స్లాడెక్ తదితరులు ఉద్యమించి రెండు ప్రజాభిప్రాయ సేకరణల్లో గెలిచారు. 1997లో ఆ లైన్లు ప్రజల సంస్థ చేతికి వచ్చాయి. ఉర్సులాకు 2011లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది.

నమ్మకం

కొత్తగా పెట్టే హీటర్లలో కనీసం 65 శాతం పునరుత్పాదక ఇంధనం ఉండాలన్న చట్టం ముసాయిదా 2023లో బయటికి పొక్కింది. ప్రభుత్వ సాయం ఎంతో తేలకముందే ఖర్చు కబురు ఇంటింటికీ చేరడంతో ఆగ్రహం పెల్లుబికింది. ప్రభుత్వం గడువులు సడలించి, రాయితీని 70 శాతం దాకా పెంచాకే 2024 జనవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది.

జర్మనీ అనుభవం చెప్పేది ఒకటే: మంచి పని సులువుగా, తమ చేతిలో ఉన్నదిగా కనిపిస్తే జనం కలిసివస్తారు, నెత్తిన రుద్దినట్టు అనిపిస్తే మంచి చట్టానికైనా ఎదురుతిరుగుతారు.