ధాత కరువు నాటి బోర్డింగులు, నేటి మన యౌవనస్థులు

మన పెద్దలు తరతరములుగా చెప్పుకొన్న ధాత కరువు 1876లో మొదలై 1878 వరకు ఈ సీమను పీడించినది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ దొరగారు కరువు పనివారి దినకూలిని ఒక పౌను ధాన్యమునకును కొలది డబ్బునకును తగ్గించిరి. ఎదిగిన మనిషికే చాలని ఆ కూలిలో పిల్లవానికి మిగిలినదెంత? తలిదండ్రులను పోగొట్టుకొన్న బిడ్డలు దిక్కులేనివారైరి.

ఆళ్లగడ్డ దాపున ముత్యాలపాడులో 1850ల నుండియే ఎస్.పి.జి. మిషను పని జరుగుచుండెను. క్లే దొరగారు అచ్చట సేవ చేసిరి. కరువు తరువాత మాల, మాదిగ పల్లెల నుండి జనులు గుంపులుగా సంఘములో చేరిరి. వారి బిడ్డలకు మిషను బోర్డింగులలో కూడు, పలక, ప్రార్థన మూడును ఒకే కప్పు క్రింద దొరికినవి. చదివినవారు ఉపదేశులై, మేష్టర్లై మరల పల్లెలకే వెళ్లిరి. మనలో అనేకుల ముత్తాతలు ఆ బోర్డింగు గంటకు లేచినవారే. బెత్తము ఎక్కువ, ఆటలు తక్కువ అని మేము పెద్దల నోట విన్నాము. అదియు నిజమే కావచ్చును.

సండే స్కూలు పుట్టుకయు ఇట్టిదే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున రాబర్ట్ రైక్స్ దానిని ఆరంభించినది, ఆరు దినములు ఫ్యాక్టరీలో పనిచేసి ఆదివారము వీధులలో అల్లరి చేయు పిల్లల కొరకు. నేడు మన సండే స్కూలుకు వచ్చువారు ఇస్త్రీ బట్టల పిల్లలు.

అల్లరి పిల్లలు ఎక్కడ ఉన్నారు? బనగానపల్లె, బేతంచెర్ల వైపు నాపరాతి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నవి. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు సీడు పత్తి చేలలో క్రాసింగు పని ఉన్నది. సాయంకాలము పువ్వులోని మగ భాగమును చేతితో తీసివేసి, మరునాటి ఉదయము వేరొక పువ్వు పుప్పొడి అద్దవలెను. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో ఆ పనికి బడియీడు ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టుకొనిరి. తలిదండ్రులకు ముందుగనే అడ్వాన్సు ముట్టెడిది.

1986లో బాలకార్మిక చట్టము, 2009లో విద్యాహక్కు చట్టము వచ్చినవి. అయితే ఉచిత నిర్బంధ విద్య 14 యేండ్లతో ఆగిపోవును. పదవ తరగతి తప్పిన పదునారేండ్ల వానిని ఎవరడుగుదురు? 18 యేండ్లలోపు వారిని గనులలో పెట్టరాదని 2016 సవరణ చెప్పినది గాని, గనికి పోనివాడు ఎక్కడికి పోవలెనో చెప్పలేదు. ఒకప్పుడు ఈ సీమలో ముఠా నాయకులు చేరదీసినది ఇట్టి కుర్రవాండ్రనే. వారు అన్నము పెట్టిరి, పని ఇచ్చిరి, పేరు పెట్టి పిలిచిరి. మనము పిలువలేదు.

తప్పిన పరీక్షకు సాయంకాలపు తరగతి, కరెంటు పనియో వెల్డింగో నేర్పు మేస్త్రీ, తాగుడు మానదలచిన వానితో కూర్చుండి మాటలాడు పెద్దమనిషి, ఇంతమాత్రమే మేము అడుగుచున్నాము. వచ్చినవాని కులము, మతము అడుగరాదు. గదులు మనకున్నవి. రిటైరైన మేష్టర్లు ప్రతి గురుమండలములోను ఉన్నారు. గనుల లారీలు ఊరు చేరు వేళకు మాత్రము మన గుళ్లలో చాలవాటి గేట్లకు తాళములు పడియుండును.